రాయికి ఎడమ పక్క

ఆళ్ళగడ్డ శిల్పాల షెడ్డులో రాయి మీది గోనెపట్టా తీయగానే చూశాను. నాయన పేరు తప్పు పక్కన ఉంది.

అక్షరాల్లో తప్పు లేదు. పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది, ప్రభువునందు నిద్రించిన తేదీ కూడా సరిగ్గానే ఉంది. ఆళ్ళగడ్డ వాళ్ళ చేతిపనికి నేను వంకపెట్టేదేముంది, నల్లరాయి మీద అక్షరం వేలితో తడిమితే ఒక్క గరుకు తగల్లేదు. కానీ రాయికి ఎదురుగా నిలబడితే నా ఎడమచేతి వైపు ఉండవలసిన పేరు కుడిచేతి వైపు పోయి కూర్చుంది. ఎడమ సగం ఖాళీగా మెరుస్తూ నా మొహాన్ని నాకే చూపిస్తోంది. నంద్యాలలో నాయన జ్ఞాపకార్థ కూడిక ఎల్లుండి. బంధువులందరికీ చెప్పేశాం, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి రాయి మీది తెర తీస్తారని కూడా చెప్పేశాం.

అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆమె కూడా చూసింది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది, అంతే.

ఈ రాయి ఇట్లా ఎందుకొచ్చిందో చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి. నేను నంద్యాలలో వెబ్ పేజీలు కట్టిపెడతాను. ఇంటి ముందు గదే నా ఆఫీసు. విత్తనాల అంగడి, పెండ్లి మండపం, ట్యూషన్ సెంటరు, ఎవరు వచ్చి అడిగినా వాళ్ళకు ఫోన్లో కనిపించే పేజీ ఒకటి తయారుచేసి ఇస్తాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేవి పేర్లు. ఒక పెట్టె గీసి అందులో నాలుగు వస్తువులు పెట్టామనుకోండి, అవి ఏ పక్కకు సర్దుకోవాలో చెప్పడానికి కొన్ని మాటలు ఉంటాయి. కుదురుగా ఎడమ, కుడి అని పేరు పెట్టొచ్చు కదా? పెట్టలేదు. ఫ్లెక్స్-స్టార్ట్ అన్నారు, ఫ్లెక్స్-ఎండ్ అన్నారు. అది చాలదన్నట్టు ఉత్త స్టార్ట్, ఉత్త ఎండ్ అని ఇంకో జత తెచ్చారు. ఈ రెండు జతలూ మామూలుగా ఒకే పని చేస్తాయి. వస్తువుల వరుస తిరగేసినప్పుడు మాత్రం ఒకటి ఇటు పోతుంది, ఇంకొకటి అటు పోతుంది. నేర్చుకునే కొత్తలో ఈ పేర్లు పెట్టినవాళ్ళు నాకు ఎదురుపడలేదు కాబట్టి బతికిపోయారు.

తర్వాత ఎప్పుడో అర్థమైంది. తెలుగు ఎడమ నుంచి మొదలవుతుంది, ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది. ఎడమ అని రాసిపెడితే ఉర్దూ పేజీలో మొదట ఉండాల్సింది పోయి చివర కూర్చుంటుంది. మొదలు అని రాస్తే ఏ భాష పేజీ అయినా తన మొదలు తనే చూసుకుంటుంది. సరే తల్లీ, మీరే గెలిచారు అనుకుని ఊరుకున్నాను. అయినా ఆ పేర్ల మీద కోపం పూర్తిగా పోలేదు.

ఆళ్ళగడ్డలో శిల్పాల షెడ్డు ఉన్న ఒకాయన కిందటేడు నాతో పేజీ చేయించుకున్నాడు. నాకంటే పెద్దవాడే, నేను అన్నా అంటాను, ఆయన నన్ను అక్కా అంటాడు, మా దిక్కు వరసలు అంతే. దేవుళ్ళూ నాయకులూ ఆయనకు పేరు తెచ్చిన పని. కానీ షెడ్డు నడిచేది పేర్ల రాళ్ళ మీద. గుడికి మెట్లు కట్టించినవాళ్ళ పేర్లు, మసీదు ప్రారంభం రాళ్ళు, మావాళ్ళ సమాధి రాళ్ళు. ఫోన్లో పేరు ఒకరకంగా చెప్పి, చెక్కినాక వచ్చి ఇంకోరకంగా గొడవపడే జనంతో విసిగిపోయాడు. కస్టమరే పేరు టైపు చేసుకోవాలి, రాయి మీద అది ఎట్లా వస్తుందో చూసుకోవాలి, సరే అని నొక్కాలి. అదీ ఆయన కోరిక.

చేసిచ్చాను. బొమ్మ కస్టమరు చూసుకోవడానికి. షెడ్డుకు మాత్రం వాట్సాప్‌లో ఉత్త మాటలే పోతాయి, ఏం చెక్కాలి, ఏ పక్కన చెక్కాలి అని. బొమ్మ కూడా పంపిస్తానంటే ఆయనే వద్దన్నాడు.

"బొమ్మ జూసి చెక్కేకి మేమేం కొత్తోళ్ళమా అక్కా? మాట జెప్పు, చాలు."

గొడవంతా ఆ మాట దగ్గరే వచ్చింది. బటన్ల మీద నేను మొదలు, చివర అని రాశాను. నేను కష్టపడి నేర్చుకున్న జ్ఞానం కదా, ఊరికే పోనిస్తానా. ఆయన ఫోన్ చేసి ఒక్కటే నవ్వు.

"రాయికి మొదలంటే ఏందక్కా? భూమిలో పాతేదే మొదలు. ఆడ పేరు చెక్కమంటావా?"

ఉర్దూ రాళ్ళ సంగతి చెప్పాను. కుడి నుంచి మొదలయ్యే భాషకు ఎడమ కుడి అంటే కుదరదని చెప్పాను. పేజీలు కట్టేవాళ్ళందరూ ఇట్లాగే అంటారన్నాను.

"మసీదోళ్ళకు కుడి అంటే తెల్దా? ఎడమ, కుడి అని పెట్టియ్యక్కా. పసిపిల్లోనికి గూడ తెలుస్తాది."

అరిచాను, ఆయనా అరిచాడు. చివరికి షెడ్డు ఆయనది, పేజీ ఆయనది, నాకెందుకులే అనుకుని మార్చేశాను. ఎడమ, కుడి. మార్చాక చూసుకుంటే నాకూ నచ్చింది, నిజం చెప్పొద్దూ, ఎంత హాయిగా ఉన్నాయో ఆ రెండు మాటలూ.

ఇక నాయన రాయి. నాయన పోయినప్పుడు నేనూ తమ్ముడూ కలిసి సమాధుల తోటలో పక్కపక్కన రెండు జాగాలు తీసుకున్నాం. తమ్ముడు డోన్‌లో లారీల ఆఫీసులో పనిచేస్తాడు, వాడే పరుగెత్తి అన్నీ చూసుకున్నాడు. కాళ్ళ వైపు నిలబడి చూస్తే ఎడమ పక్కన నాయన, కుడి పక్కన ఖాళీ నేల. రెంటికీ కలిపి తలవైపు ఒకే వెడల్పాటి రాయి నిలబెడదామని మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నాం. ఎడమ సగంలో నాయన పేరు. కుడి సగం అమ్మకు. అమ్మ పోయాక అనే మాట బయటికి అనలేదు, అమ్మ సగం అని మాత్రం అనుకున్నాం. మంచి పని చేస్తున్నామని ఇద్దరమూ మురిసిపోయాం కూడా.

నా పేజీలో నేనే నొక్కాను. పేరు ఎడమ, కుడి సగం ఖాళీ. ఫోన్లో బొమ్మ చూసుకుని ఏడ్చాను. రాయి బండెక్కక ముందే అమ్మకు చూపిద్దామని ఆ రోజు ఆమెను బస్సులో ఆళ్ళగడ్డకు తీసుకొచ్చాను.

తీసుకొచ్చి, ఇది చూపించాను.

"అన్నా! ఎడమ అని పంపించినాను గదా! ఏందిది?"

పక్కన గ్రైండరు రొద. ఆయన దాన్ని ఆపమని సైగ చేసి వచ్చాడు. "ఎడమనే గదక్కా చెక్కినా."

"ఇది ఎడమా?" నా ఎడమచేయి ఎత్తి ఆయన మొహం ముందు ఊపాను. "ఇది ఎడమ! ఈ పక్క! నీకు చేతులు తెల్దా?"

ఆయనకు కోపం రాలేదు, అర్థం కాలేదు. నా చేతిని చూశాడు, రాయిని చూశాడు. తర్వాత పోయి రాయికి వీపు ఆనించి, మా వైపు తిరిగి నిలబడి తన ఎడమచేయి చాపాడు. చేయి సరిగ్గా నాయన పేరు మీదికి పోయింది.

"ఇదో. ఇదే గదా రాయికి ఎడమ."

ఆయన వెనక, చుట్టూ, షెడ్డు నిండా నిలబడి ఉన్నవాళ్ళను అప్పుడు చూశాను. సగం చెక్కిన దేవతలు, ప్లాస్టిక్ కవరు కప్పిన నాయకులు, మెడ వరకే తయారైన సింహాలు. అందరూ మా వైపే చూస్తున్నారు. అందరి ఎడమచేతులూ నా కుడి పక్కనే ఉన్నాయి.

"దేవుని కుడిచెయ్యి అంటే దేవుని కుడే గదక్కా," అన్నాడాయన. "నిలబడి చూసేవోని కుడి లెక్క జూస్తే శంఖము, చక్రము తారుమారైతాయి. మా నాయన గూడ ఇట్లే చెప్పె, నేను గూడ ఇట్లే చెప్తా."

"ఇది దేవుడు గాదన్నా, పలక! పలకకు మొగం యాడుంటాది?"

"చెక్కిన పక్క మొగం గాదా? మొగమున్నంక ఎడమ, కుడి ఉండవా?"

నేను చదివిన చదువులో పెట్టెకు మొహం లేదు. ఇంతకాలం ఈ తగాదా ఎందుకు రాలేదని అడిగితే, పేర్ల రాళ్ళన్నీ నిండుగా చెక్కేవే అన్నాడు. ఒక పక్క చెక్కి ఒక పక్క విడిచిపెట్టమని అడిగింది మేమేనట. పసిపిల్లవాడికి కూడా తెలిసే మాటలు పెట్టుకుని, ఆయన రాయి లోపల నిలబడి, నేను రాయి బయట నిలబడి, ఇద్దరమూ హాయిగా సరే అని నొక్కేశాం.

ఈ రాయిని ఇట్లాగే తీసుకుపోయి నిలబెడితే ఏమవుతుందో కళ్ళముందు కనిపిస్తోంది. నాయన పడుకున్న చోట తలవైపు ఉత్త రాయి ఉంటుంది. అమ్మ కోసం ఉంచిన ఉత్త నేల మీద నాయన పేరు ఉంటుంది. వచ్చినవాళ్ళందరూ ఉత్త మట్టికి పూలదండ వేసి పోతారు.

తప్పు ఎవరిదైనా ఎల్లుండి కూడిక ఆగదని ఆయనకూ తెలుసు. "రాయిని తలదిక్కు గాకుండా కాళ్ళదిక్కు పాతితే?" అన్నాడు. అప్పుడు చూసేవాళ్ళు అటునుంచి చూస్తారు కాబట్టి పేరు నాయన పక్కకే వస్తుందట. ఆయన నేల మీద సుద్దముక్కతో రెండు సమాధులు గీశాడు. నేను ఒక గీత పక్కన నిలబడ్డాను, ఆయన ఇంకో గీత పక్కన నిలబడ్డాడు, ఇద్దరమూ చేతులు చాపుకుని గిర్రున తిరుగుతూ ఇది ఎడమ, కాదు ఇది ఎడమ అని వాదించుకున్నాం. ఆయన చెప్పింది నిజమే, కుదురుతుంది. కానీ నాయన పేరు నాయన కాళ్ళ దగ్గరా? నేను ఒప్పుకోనన్నాను.

"అట్లయితే ఎనక పక్క పాలిష్ పట్టి మళ్ళా చెక్కిస్తా. రేపు పొద్దుగూకేలోగా ఇస్తా అక్కా. ఇంగ ఏం జెప్పల్ల నేను?"

"ఈసారి నా ఎడమ. నా ఎడమ! ఖాళీ నా కుడి పక్కన!"

అప్పుడు అమ్మ లేచింది. అంతసేపూ ఆమె ఒక మెట్టురాయి మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది. నడిచి వచ్చి రాయి ముందు నిలబడి, అరచేయి పెట్టింది. నాయన పేరు మీద కాదు. ఖాళీ సగం మీద.

"ఈ ఖాళీ ఏందీ?"

"అదమ్మా..." అన్నాను. "అది నీ పక్క."

"నా పక్కంటే?"

శిల్పి అన్న మొహం తిప్పుకుని సుద్దముక్క జేబులో పెట్టుకున్నాడు. ఎట్లాగో చెప్పాను, నాయన పక్కన జాగా తీసుకున్నాం గదా, రాయి మీద కూడా నీకు సగం ఉంచినాం అని. చెప్తుండగానే ఆ మాటలు ఎంత ఘోరంగా ఉన్నాయో నాకే వినిపించింది.

"ఎవురడిగినారు?" అంది అమ్మ.

కోపంగా అనలేదు. పాములపాడులో మూడో తరగతి పిల్లలకు పాఠం చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు ఆమెది, పెద్దగా లేవదు. "జాగా తీసుకున్నేది నాకు తెల్దా? ప్రతి ఆదివారం పోయి పూలు పెట్టేది నేనే గదా. ఆ ఉత్త నేల పక్కనే నిలబడి ప్రార్థన చేస్తాండా. నువ్వు జెప్తావేమో, వాడు జెప్తాడేమో అని చూసినా. ఇద్దురూ చెప్పలా. ఇప్పుడు రాయి గూడ తెచ్చి, ఇదో ఇది నీదే, రా అంటాండారా?"

"అమ్మా, అట్ల గాదు. నాయన పక్కన ఉంటే నీకు బాగుంటాదని..."

"మీ నాయన మంచోడే. నేను కాదంటాండానా?" రాయి మీది చేయి తీసేసింది. "యాడ కూర్చోవల్లన్నా మీ నాయనే చెప్పె. బస్సులో నువ్వీడ కూర్చో అనె. పెండ్లికి పోతే నువ్వు ఆ పక్కకు పో అనె. ఫోటో దిగితే నన్ను పట్టుకొని జరిపె. నాకు బాగుండల్లనే చేసె, నాకు తెలుసు. మీరు గూడ నాకు బాగుండల్లనే చేసినారు. నన్నడగల్లని మాత్రం ఎవురికీ తోచలా."

మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఇట్లా మాట్లాడలేదు. నాయనా అమ్మా ఒక మాటగా బతికారని నేను ఎందరికి చెప్పుకున్నానో. ఎల్లుండి కూడికలో నేను మాట్లాడాల్సింది కూడా అదే.

అమ్మ శిల్పి వైపు తిరిగింది. "ఎనక పక్క చెక్కప్పా. పేరు నడుమ పెట్టు. ఈ కొస నుంచి ఆ కొసకు నిండుగా రావల్ల. ఖాళీ ఇడ్సొద్దు."

ఆయన నా మొహం చూశాడు.

"ఆ పాప దిక్కు యాంటికి జూస్తావు? చెప్పేది నేను గదా."

"సరేమ్మా," అన్నాడాయన. వెంటనే ఇద్దరు మనుషుల్ని పిలిచి రాయిని తిరగేయించే పనిలో పడ్డాడు. నాయన పేరు నేలవైపు పోయింది. కింద వేసిన గోనెసంచుల మీద అది ఆనింది. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"మరి నిన్ను యాడ..." అని ఆగిపోయాను.

"నేనింకా సావలేదు గదా," అంది అమ్మ. "కొలిమిగుండ్లలో మా అమ్మ ఉండాది, మా అక్క ఉండాది. ఆడికి పోతానో, ఈడనే ఉంటానో, ఇంగా అనుకోలేదు. అనుకుంటే చెప్తాలే. పా, బస్సు పోతాది."

బస్సులో అమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుంది. నాకు నాయన మీద కోపం రాలేదు, అమ్మ మీద అసలే రాలేదు. పక్కన కూర్చున్న మనిషి నాకు తెలియని మనిషిలా ఉంది, దానికి భయమేసింది. సంవత్సరం నుంచి ఆమె పక్క గదిలోనే ఉన్నాను. తలుపు వేసుకుని ఒంటరిగా కుమిలిపోతోందేమోనని ఎన్నోసార్లు తలుపు దాకా పోయి, తట్టకుండా తిరిగొచ్చాను. బస్సు ఆళ్ళగడ్డ దాటాక ఆ మాటే అడిగాను.

"నాయన ల్యాకుండా ఆ గదిలో ఒక్కదానివే ఎట్ల పండుకుంటాండావమ్మా?"

అమ్మ కిటికీ అద్దం కొంచెం జరిపి, గాలి మొహానికి తగిలేటట్టు సర్దుకుంది.

"గోడ దిక్కు నువ్వు, తలుపు దిక్కు నేను అనె మీ నాయన. దొంగలొస్తే ముందర తనుండల్లంట. పెండ్లయినప్పట్నుంచి గోడే నాది." నా వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. "ఇప్పుడు మంచం నడుమ పండుకుంటాండా పాపా. చేతులు రెండూ రెండు దిక్కులకు చాపి. ఎంత బాగుంటాదో. ఈ మాట ఎవురికి జెప్పేది?"

నాకు ఏడుపు కూడా రాలేదు. వినకూడని మాట విన్నట్టు, నాకెప్పుడో చెప్పాల్సిన మాట ఇంత ఆలస్యంగా చెప్పినట్టు, రెండూ ఒకేసారి అనిపించాయి. తలుపు ఇవతల నిలబడి నేను జాలిపడుతున్నప్పుడు లోపల అమ్మ హాయిగా నిద్రపోతోంది.

అంతలో ఫోన్ మోగింది. డోన్ నుంచి తమ్ముడు. రాయి బాగా వచ్చిందా, బండి ఎప్పుడు ఎక్కిస్తారు అని గబగబా అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగాడు.

"అమ్మ జాగా సరిగ్గా ఇడిసినారా అక్కా?"

"అమ్మనే అడుగు," అని ఫోన్ అమ్మ చేతిలో పెట్టాను.